‘దే’ సర్వనామం: పుట్టుక, ఏకవచన ప్రయోగం, శాసనాల భాష

వ్యాససంగ్రహం

ఇంగ్లీషులో ప్రథమపురుష బహువచనాన్ని తెలిపే ‘దే’ సర్వనామం చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక వ్యక్తిని ఉద్దేశించి ‘దే’ వాడటం ఇటీవలి పొరపాటని, ‘హీ’ వాడటమే ప్రాచీన సంప్రదాయమని మన పాఠశాలల్లో స్థిరపడిన అభిప్రాయం. ప్రయోగ చరిత్ర ఇందుకు విరుద్ధంగా ఉంది. ఏకవచన ‘దే’ 14వ శతాబ్ది నాటిది. దానిని నిషేధించిన సూత్రం 18వ శతాబ్ది నాటిది. ఆ సూత్రం న్యాయస్థానాలలో ఎటువంటి ఫలితాలనిచ్చిందో, తెలుగు అనువాదకుల ముందు ఈ సర్వనామం ఏ సమస్యను ఉంచుతున్నదో కూడా ఇందులో చర్చించడమైనది.

కీలకపదాలు: సర్వనామం, ప్రథమపురుష, పాత ఇంగ్లీషు, నార్స్ భాష, లింగబోధ, శాసనభాష, అనువాదం.

1. ప్రవేశిక

2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఇంగ్లీషు పాఠంలో 2వ సెక్షన్, 10వ క్లాజు ఒక సర్వనామాన్ని నిర్వచిస్తుంది. దాని ప్రకారం ‘హీ’ అనే మాట, దాని రూపాంతరాలు పురుషునికైనా, స్త్రీకైనా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తికైనా వర్తిస్తాయి. 1860 నాటి భారత శిక్షాస్మృతి 8వ సెక్షన్ కూడా ఇదే పని చేసింది. అక్కడ పురుషుడు, స్త్రీ అని మాత్రమే ఉండేది. అంటే సుమారు 160 ఏళ్ళ తరువాత నిర్వచనం విస్తరించింది గాని సర్వనామం మారలేదు. ఒక మాటకు దాని సహజార్థంలో లేని వ్యక్తులను చట్టం ద్వారా చేర్చవలసి వచ్చిందంటే, ఆ మాట ఆ పనికి చాలలేదనే అర్థం.

ఇంగ్లీషులో ఆ పనికి చాలిన మాట లేదా? ఉంది. చట్టాలు రాసిన వారి పూర్వులు దానిని శతాబ్దాలుగా వాడుతూనే ఉన్నారు. తెలుగు వారికి ఈ విషయం ఒక ఉదాహరణతో సులభంగా బోధపడుతుంది. తలుపు చప్పుడైతే ‘ఎవరో తలుపు తట్టారు’ అంటాం. తట్టిన చెయ్యి ఒక్కటే అని తెలుసు. అయినా ‘ఎవడో తట్టాడు’ అనం, ‘ఎవతో తట్టింది’ అనం. వ్యక్తి ఎవరో తెలియనప్పుడు లింగభేదం పాటించని బహువచన రూపాన్ని ఎంచుకుంటాం. ఇంగ్లీషు వారు ‘సమ్‌వన్’ తరువాత ‘దే’ అన్నప్పుడు చేసేది కూడా ఇదే. మనం దీనిని తప్పు అనుకోలేదు. మన వ్యాకర్తలెవరూ దీనిని దిద్దమని చెప్పలేదు. ఇంగ్లీషులో మాత్రం అది తప్పెందుకయిందో తెలియాలంటే ముందుగా ‘దే’ ఎక్కడి నుండి వచ్చిందో చూడాలి.

2. ‘దే’ లేని ఇంగ్లీషు

పాత ఇంగ్లీషులో ‘దే’ లేదు. ‘అతడు’ అనే అర్థంలో ‘హే’, ‘ఆమె’ అనే అర్థంలో ‘హేఓ’, ‘అది’ అనే అర్థంలో ‘హిత్’ ఉండేవి. బహువచనానికి ‘హీఎ’ అనే రూపం ఉండేది. అన్నీ హకారంతో మొదలయ్యేవే. విభక్తి రూపాలలో చిక్కు మరింత ఎక్కువ. ‘అతనికి’ అన్నా ‘హిమ్’, ‘వారికి’ అన్నా ‘హిమ్’. ‘ఆమె యొక్క’ అనడానికి ‘హిరె’, ‘వారి యొక్క’ అనడానికి ‘హిర’. పదాంతంలోని అచ్చులు స్పష్టంగా పలికినంత కాలం ఈ భేదాలు నిలిచాయి. 11, 12 శతాబ్దాలలో అంత్యాచ్చులు బలహీనపడటంతో అనేక మాండలికాలలో ‘అతడు’, ‘ఆమె’, ‘వారు’ దాదాపు ఒకే విధంగా వినిపించే పరిస్థితి ఏర్పడింది. వాక్యం విన్నవారు సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసిందే.

సరిగ్గా ఈ దశలోనే తకారాది రూపాలు ఉత్తర, తూర్పు ఇంగ్లండులో కనిపిస్తాయి. ఆ ప్రాంతం చరిత్ర తెలిసినదే. 793లో లిండిస్‌ఫార్న్ మఠంపై దాడితో వైకింగుల రాక మొదలైంది. తరువాతి శతాబ్దంలో వారు స్థిరనివాసాలు ఏర్పరచుకున్నారు. వారి ఆచారాలు నడిచిన భూభాగానికి డేన్‌లా అని పేరు వచ్చింది. 1016 నుండి 1035 వరకు డెన్మార్క్ రాజవంశీయుడైన క్నూట్ ఇంగ్లండునేలాడు. డర్బీ, విట్‌బీ, గ్రిమ్స్‌బీ వంటి ఊళ్ళ పేర్లలోని ‘బీ’ నార్స్ భాషలో ఊరు అనే అర్థమున్న మాట. ‘స్కై’, ‘ఎగ్’, ‘విండో’, ‘హస్బండ్’ కూడా ఆ భాష నుండి వచ్చినవే. ఈ వ్యాసానికి అవసరమైన మరో మాట కూడా అక్కడిదే: ‘లా’, చట్టం.

నార్స్‌లో ప్రథమపురుష బహువచన పుంలింగ రూపాలు ‘థెయిర్’, ‘థెయిర’, ‘థెయిమ్’. ‘దే’, ‘దెయిర్’, ‘దెమ్’ వీటి నుండి వచ్చాయని భాషాచరిత్ర గ్రంథాలన్నీ దాదాపుగా చెబుతాయి. ఇది అసాధారణమైన ఆదానం. భాషలు నామవాచకాలను ధారాళంగా అరువు తెచ్చుకుంటాయి; సర్వనామాలను తెచ్చుకోవు. తెలుగు సంస్కృతం నుండి వేల మాటలు తీసుకుంది, పారసీకం నుండి కచేరీ భాషను తీసుకుంది, ఇంగ్లీషు నుండి నేటికీ తీసుకుంటూనే ఉంది. అయినా నేను, నువ్వు, వాడు, అది చెక్కుచెదరలేదు. ఉత్తరం చివర ‘భవదీయ’ అని సంతకం పెట్టినవారు కూడా మాటలలో ‘మీ’ అనే అంటారు.

3. ఓర్మ్ నుండి కాక్స్‌టన్ వరకు

‘దే’ వ్యాప్తికి తొలి సాక్ష్యాలలో ప్రధానమైనది 12వ శతాబ్ది చివరి భాగానికి చెందిన ‘ఓర్ములం’. లింకన్‌షైర్ ప్రాంతపు మతాచార్యుడు ఓర్మ్ రాసిన కావ్యమిది. దాదాపు 19 వేల పాదాలు మిగిలాయి. కవిత్వం దృష్ట్యా దీనిని మెచ్చుకున్నవారు తక్కువ. భాషా పరిశోధకులకు మాత్రం నిధి. ఎందుకంటే ఓర్మ్ ఉచ్చారణను బట్టి తనదైన వర్ణక్రమాన్ని ఏర్పరచుకొని, హ్రస్వాచ్చు తరువాతి హల్లును ద్విత్వంగా రాశాడు. స్వహస్త ప్రతి ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. అందులో కర్తృస్థానంలో కొత్త తకారాది రూపమే వాడాడు. ఇతర విభక్తులలో మాత్రం కొత్త రూపాలతో పాటు పాత హకారాది రూపాలూ కనిపిస్తాయి. రచయిత పేరైన ఓర్మ్ కూడా పాము అనే అర్థమున్న నార్స్ పదమే.

సుమారు 200 ఏళ్ళ తరువాత లండనులో చాసర్ రచనలలో ఇదే స్థితి నిశ్చలంగా కనిపిస్తుంది. కర్తగా ‘దే’ వాడాడు. ‘వారి’ అనడానికి ‘హిర్’, ‘వారిని’ అనడానికి ‘హెమ్’ అనే పాత రూపాలనే నిలుపుకున్నాడు. అంటే ఈ సర్వనామం ఒక్కసారిగా మారలేదు. ప్రథమా విభక్తి ముందు, షష్ఠి తరువాత, కర్మరూపం చివర, అదీ ఉత్తరం నుండి దక్షిణానికి మెల్లగా దిగింది. 15వ శతాబ్ది ముగిసేనాటికి గాని లండను వాడుకలో ‘దెమ్’ నిలదొక్కుకోలేదు.

ఆ కాలపు భాషాస్థితికి విలియం కాక్స్‌టన్ 1490లో తన ‘ఎనేడస్’ అనువాదానికి రాసిన పీఠికలోని ఉదంతం అద్దం పడుతుంది. థేమ్స్ నదిపై ఓడలో వెళుతున్న వర్తకులు గాలి లేక తీరంలో ఆగారు. వారిలో ఒకడు ఒక ఇంటికి వెళ్ళి గుడ్లు కావాలని ‘ఎగ్స్’ అనే మాటతో అడిగాడు. ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదన్నది. ఫ్రెంచి తనకూ రాదని వర్తకుడు కోపగించుకున్నాడు. మరొకరు ‘ఐరెన్’ కావాలని చెప్పాక ఆమెకు అర్థమైంది. ‘ఎగ్’ నార్స్ మాట, ‘ఐరెన్’ దేశి మాట. ఆ ఇల్లాలి చెవికి ‘ఎగ్స్’ ఎంత కొత్తో, ఆమె పూర్వికులకు ‘దే’ కూడా అంత కొత్తగానే ఉండి ఉంటుంది.

పాత ‘హెమ్’ పూర్తిగా పోలేదని కూడా గుర్తించాలి. నేటి ఇంగ్లీషు సంభాషణలో ‘దెమ్’ బదులు వినిపించే ‘ఎమ్’ రూపాన్ని సోమరి ఉచ్చారణగా మన తరగతులలో చెబుతుంటాం. చారిత్రకంగా అది ‘దెమ్’ తెగిన రూపం కాదు, ‘హెమ్’ మిగిలిన రూపం. సోమరి అనుకున్న మాటే ఇంటి మాట.

4. అరువా, సొంతమా?

నార్స్ మూలం ఇటీవల వివాదాస్పదమైంది. 2018లో మార్సెల్ కోల్ ‘డయాక్రోనికా’ పత్రికలో ప్రచురించిన వ్యాసం, ‘దే’ రూపాలకు పాత ఇంగ్లీషులోనే మూలముందని వాదించింది. పాత ఇంగ్లీషులో ‘ఆ’ అనే అర్థంలో వాడే నిర్దేశక రూపాలు బహువచనంలో ‘థా’, ‘థార’, ‘థామ్’. ఉత్తరాది మాండలికంలో ఇవి సర్వనామ స్థానంలో వాడబడ్డాయని, వాటి నుండే ‘దే’ రూపాలు పరిణమించాయని ఆమె ప్రతిపాదన.

ద్రావిడ భాషలు చదివినవారికి ఈ ప్రతిపాదనలో వింత కనిపించదు. మన ప్రథమపురుష సర్వనామాలన్నీ నిర్దేశకాలే. వాడు, వీడు, ఎవడు; వారు, వీరు, ఎవరు; అది, ఇది, ఏది. దూరాన్ని సూచించే అకారమే సర్వనామమైంది. ఇంగ్లీషులోనూ అదే జరిగిందనడం అసంభవం కాదు. అయితే కొత్త రూపాలు మొదట ప్రబలిన ప్రాంతం డేన్‌లాతో సరిపోవడం, అచ్చు నార్స్ రూపానికి దగ్గరగా ఉండటం పాత వాదానికి బలం. దేశి రూపం ముందే ఉండగా నార్స్ పలుకుబడి దానికి ఊతమిచ్చిందనడం నాకు సమంజసంగా తోస్తుంది. రెండు బంధుభాషలు పక్కపక్కన నడిచినచోట ఏది ఎవరిదో గీత గీయడం కష్టం.

5. ఒక్కరికి ‘దే’

‘దే’ స్థిరపడుతున్న కాలంలోనే దాని ఏకవచన ప్రయోగం కూడా కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు చూపిన తొలి ఉదాహరణ 14వ శతాబ్దిలో ఫ్రెంచి నుండి అనువదితమైన ‘విలియం ఆఫ్ పాలెర్న్’ అనే తోడేలు మనిషి కథాకావ్యం లోనిది. చాసర్‌లో ఉంది. షేక్‌స్పియర్‌లో ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు అనువాదంలో ఉంది. జేన్ ఆస్టిన్ నవలలలో విరివిగా ఉంది. వీరంతా ‘ప్రతి ఒక్కరు’, ‘ఎవరైనా’, ‘ఎవరూ’ అనే అర్థమిచ్చే ఏకవచన పదాల తరువాత దానిని వాడారు. వాక్యంలోని వ్యక్తి నిర్దిష్టుడు కానప్పుడు లింగం తేల్చవలసిన అగత్యం లేకుండా ఈ మాట పని జరుపుతుంది.

ఇందులో సంఖ్యాదోషం ఉందన్నది వ్యాకర్తల ఆక్షేపణ. ‘దే’ బహువచనం, దాని పూర్వపదం ఏకవచనం, రెండింటికీ పొంతన లేదు. ఈ తర్కం నిలిస్తే ‘యూ’ కూడా నిలవకూడదు. అది కూడా మొదట బహువచనమే. ఒక్కరిని ‘థౌ’ అనేవారు. గౌరవార్థంలో ‘యూ’ ఏకవచనానికి వచ్చి, క్రమంగా ‘థౌ’ను తరిమివేసింది. మన ‘మీరు’ నడిచిన బాటే అది; కాకుంటే మన ‘నువ్వు’ బతికింది, వారి ‘థౌ’ పోయింది. ఈ మార్పును ఎదిరించినవారూ ఉన్నారు. క్వేకర్ల నాయకుడు జార్జ్ ఫాక్స్, మరి ఇద్దరితో కలిసి, ఒక్కరికి ఏకవచనమే వాడాలని వాదిస్తూ 1660లో ఒక గ్రంథమే ప్రచురించాడు. దేవుని ముందు అందరూ సమానులైనప్పుడు ధనికునికి బహువచనమెందుకన్నది వారి పట్టు. భాష వారి మాట వినలేదు. నేడు ‘యూ ఆర్’ అని ఒక్కరినే ఉద్దేశించి చెప్పినప్పుడు సంఖ్యాదోషం పట్టే అధ్యాపకుడు లేడు.

6. సూత్రం ఎప్పుడు వచ్చింది?

పుంలింగం స్త్రీలింగం కన్నా యోగ్యమైనదన్న భావన లాటిన్ వ్యాకరణ బోధ ద్వారా 16వ శతాబ్దికే ఇంగ్లండు బడులలో ఉంది. ఇంగ్లీషు సర్వనామానికి దానిని సూత్రంగా అన్వయించినది 18వ శతాబ్ది. ఉభయలింగాలకూ పుంలింగ సర్వనామమే చాలునని చెప్పిన తొలి ఇంగ్లీషు వ్యాకరణాలలో ఒకటి న్యూకాసిల్‌కు చెందిన ఆన్ ఫిషర్‌ది. ఆమె బడి నడిపిన స్త్రీ కావడం గమనార్హం. అయితే ఈ సూత్రానికి విస్తృత ప్రచారం తెచ్చినది 1795లో వెలువడిన లిండ్లీ మరే ‘ఇంగ్లిష్ గ్రామర్’. ‘ఎవరైనా’ అనే పదం తరువాత ‘దెయిర్’, ‘దే’ వచ్చిన వాక్యాన్ని దోషంగా చూపి, వాటిని ‘హిజ్’, ‘హీ’ అని దిద్దాడు. లింగంలోనూ సంఖ్యలోనూ సర్వనామం పూర్వపదాన్ని అనుసరించాలన్నది అతని సూత్రం. దిద్దిన వాక్యంలో సంఖ్య కుదిరింది, లింగం కుదరలేదు; ఆ రెండో లోపం అతనికి లోపంగా తోచలేదు. మరే కూడా క్వేకరే. అతని పూర్వులు ‘థౌ’ కోసం చేసిన పోరు ఓడిపోయింది. అతడు ‘హీ’ కోసం రాసిన సూత్రం గెలిచింది.

మన దేశంలో ఈ సూత్రం రెన్, మార్టిన్ వ్యాకరణం ద్వారా తరాల విద్యార్థులకు చేరింది. లింగం తెలియనిచోట పుంలింగ సర్వనామం వాడాలన్న నియమాన్ని నేనూ అందులోనే చదువుకున్నాను. అది నిన్నటి సూత్రమని, దానికి ముందు 400 ఏళ్ళ విరుద్ధ ప్రయోగముందని మాకెవరూ చెప్పలేదు.

7. న్యాయస్థానంలో సర్వనామం

1850లో బ్రిటిష్ పార్లమెంటు శాసనాల భాషను క్లుప్తపరచడానికి ఒక చట్టం చేసింది. విరుద్ధంగా చెప్పనంత వరకు పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని అందులో ఉంది. ఫిషర్, మరేల వ్యాకరణ సూత్రం ఆ విధంగా శాసనసూత్రమైంది. దాని నిజాయితీకి పరీక్ష త్వరలోనే వచ్చింది.

1867 సంస్కరణల చట్టం ఓటు హక్కును ‘మాన్’ అనే మాటతో చెప్పింది. ఆ మాట తీసి ‘పర్సన్’ అని ఉంచాలని జాన్ స్టూవర్ట్ మిల్ మే 20న సవరణ తెచ్చాడు. 73 మంది సమర్థించగా 196 మంది వ్యతిరేకించారు. సవరణ వీగినా 1850 చట్టం ఉన్నదిగదా అని మాంచెస్టరులో 5,000 మందికి పైగా స్త్రీలు ఓటర్ల జాబితాలో చేర్చమని కోరారు. 1868లో చోర్ల్‌టన్, లింగ్స్ మధ్య నడిచిన వ్యాజ్యంలో న్యాయస్థానం వారి కోరికను తిరస్కరించింది. స్త్రీలకు ఓటు విషయంలో చట్టపరమైన అనర్హత ఉంది కాబట్టి ఇక్కడ పుంలింగం వారిని కలుపుకోదన్నది తీర్పు. పన్ను కట్టేచోట, శిక్ష పడేచోట అదే పుంలింగం వారిని కలుపుకొంటూనే ఉంది.

ఇదే కథ మన దేశంలోనూ నడిచింది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ పుంలింగ పదాలలో స్త్రీలు చేరతారని చెబుతుంది. న్యాయశాస్త్ర పట్టభద్రురాలైన రెజీనా గుహ ప్లీడరుగా నమోదు చేయమని దరఖాస్తు చేసినప్పుడు, 1916లో కలకత్తా హైకోర్టు ధర్మాసనం కాదన్నది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలోని పుంలింగం స్త్రీని ఉద్దేశించలేదని దాని నిర్ణయం. 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాల హజ్రాకు ఇదే జవాబిచ్చింది. చివరకు సర్వనామం మీద భారం వేయకుండా, స్త్రీలు అనర్హులు కారని 1923లో విడిగా చట్టం చేయవలసి వచ్చింది.

ఈ వ్యాజ్యాలను కేవలం సర్వనామం గెలుపు ఓటములుగా చూడటం అతిశయోక్తి అవుతుంది. న్యాయమూర్తుల నిర్ణయానికి నాటి సమాజమే ఆధారం. కాని ‘హీ’ అందరినీ కలుపుకొంటుందన్న వ్యాకరణ వాదం మాత్రం అక్కడ నిలవలేదు. అది కలుపుకొన్నదీ లేనిదీ ప్రతిసారీ మరొకరు నిర్ణయించారు.

8. తిరిగి ‘దే’ వైపు

ఈ లోటు తీర్చడానికి కొత్త మాటలు సృష్టించినవారు ఉన్నారు. అమెరికన్ న్యాయవాది, స్వరకర్త చార్లెస్ కాన్వర్స్ ‘దట్’, ‘వన్’ కలిపి ‘థాన్’ అనే సర్వనామం కల్పించి 1884లో ప్రకటించాడు. 1934 నాటి వెబ్‌స్టర్ బృహన్నిఘంటువులో దానికి చోటు దొరికింది, 1961 నాటి కూర్పులో పోయింది. వాడేవారు లేని మాటకు నిఘంటువు ప్రాణం పోయలేదు.

1975లో ఆన్ బొడైన్ వ్యాసం ఏకవచన ‘దే’ నిషేధం వెనుకనున్న పురుషకేంద్ర దృష్టిని చర్చకు తెచ్చింది. 2017లో అసోసియేటెడ్ ప్రెస్ శైలి గ్రంథం పరిమితంగా, 2019లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి గ్రంథం పూర్తిగా ఏకవచన ‘దే’ను ఆమోదించాయి. 2019లోనే మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు, తమను స్త్రీగా గాని పురుషునిగా గాని గుర్తించుకోని వ్యక్తిని సూచించే అర్థాన్ని ‘దే’ కింద చేర్చింది. ఈ చివరి అర్థం మాత్రం నిజంగానే కొత్తది. చాసర్, ఆస్టిన్ వాడినది ఎవరో తెలియని వ్యక్తికి. ఇది తెలిసిన, పేరున్న వ్యక్తికి. రెండింటినీ ఒకటిగా చెప్పి ఆరు శతాబ్దాల ప్రామాణ్యాన్ని కొత్త అర్థానికి అంటగట్టడం చారిత్రకంగా సరికాదు. కొత్తది కాబట్టి అది తప్పనడం అంతకన్నా సరికాదు. ‘యూ’ ఏకవచనమైన నాడు అది కూడా కొత్తదే.

9. తెలుగులోకి తెచ్చేటప్పుడు

పాత ఏకవచన ‘దే’ను అనువదించడంలో తెలుగుకు కష్టం లేదు. ‘ప్రతి విద్యార్థీ తన పుస్తకం తెచ్చుకోవాలి’ అంటే ‘తన’లో లింగం లేదు, ‘తెచ్చుకోవాలి’లోనూ లేదు. ‘ఎవరైనా దొంగతనం చేస్తే వారికి శిక్ష’ అన్నా అంతే. శాసనాల అనువాదంలో ‘హీ’ కనిపించిన ప్రతిచోటా ‘అతడు’ అని దించడం, తెలుగులో లేని ఇబ్బందిని ఇంగ్లీషు నుండి దిగుమతి చేసుకోవడమే.

కొత్త ‘దే’ దగ్గర కథ మారుతుంది. తెలుగులో ఏకవచనానికి వస్తే క్రియ ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని చీలుతుంది. స్త్రీలింగ ఏకవచనం అమహత్తుతో కలుస్తుంది, బహువచనంలో మహత్తుతో కలిసి ‘వచ్చారు’ అవుతుంది. కాబట్టి లింగం తెలియకుండా ఉండాలంటే బహువచనమే శరణ్యం. కాని మన బహువచనం ఖాళీగా లేదు. అందులో గౌరవం నిండి ఉంది. ఇద్దరు తోటి విద్యార్థుల కథలో ఒకరు మరొకరిని ‘దే’ అన్నచోట ‘వారు వచ్చారు’ అని రాస్తే పాఠకుడు ఎవరో పెద్దలు వచ్చారనుకుంటాడు. ‘వాళ్ళు వచ్చారు’ అంటే నలుగురు వచ్చారనుకుంటాడు. మాటల్లో స్నేహితుల మధ్య వాడే ‘తను’ చనువుకు, లింగరాహిత్యానికి రెండింటికీ సరిపోతుంది. అయితే ‘తను’ తరువాత క్రియ రాక తప్పదు. ‘తను రావాలి’, ‘తను రాలేదు’, ‘తను రావచ్చు’ అన్నంత వరకు వాక్యం నడుస్తుంది. వచ్చిన సంగతి చెప్పబోతేనే అనువాదకుని కలం ఆగుతుంది.